గుమ్మడికాయకు బదులు సూర్యుడు

జమ్మలమడుగు,
ఆగస్టు 12, 2024.

ప్రభువునందు ప్రియమైన మేనకోడలు జాస్మిన్‌కు, మామ ఇమ్మానుయేలు దీవించి రాసేది.

ఇక్కడ నేను, మీ అత్త సరోజమ్మ క్షేమం. నా కుడి చెవి మాత్రం యథాప్రకారం. కరెంటాఫీసు ఉద్యోగంలో ట్రాన్స్‌ఫార్మర్ పేలిన రోజున అది రిటైరైంది. నేను ఇంకో పదకొండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మొన్న నువ్వు ఫోనులో చాలాసేపు ఏదో చెప్పావు, నేను 'శానా మంచిది' అని పెట్టేశాను. నీకు జ్వరమని చెప్పావట, సాయంత్రం మీ అత్త చెబితే తెలిసింది. అందుకే ఇకమీదట మనిద్దరికీ ఉత్తరాలే నయం.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నలుగురు నన్ను పట్టుకున్నారు. "ఏందప్పా, మీ మేనకోడలు పులివెందులలో సూర్యుడ్ని డబ్బాలో పెడతాందంట, నిజమేనా?" అని అడిగారు. నేను "ఔ" అన్నాను. అన్న తర్వాత ఆలోచించాను, నువ్వు చేస్తున్నదేమిటో నాకే తెలియదని. ఎం.టెక్. అని మాత్రం తెలుసు. కాబట్టి వివరంగా రాయి. ఎన్ని వోల్టులు? సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? కరెంటు ఎప్పటికి వస్తుంది? ఇరవై తొమ్మిదేళ్ళు జనం నన్ను అడిగిన ప్రశ్నను నేను ఇంకొకరిని అడగడం ఇదే మొదలు, ఎంత హాయిగా ఉందో!

నీ మామ,
ఇమ్మానుయేలు.

*

పులివెందుల,
ఆగస్టు 19.

మామకు, జాస్మిన్ నమస్కారాలు.

జ్వరం తగ్గింది. 'శానా మంచిది' అన్నందుకు నిన్ను క్షమించేశాను.

సూర్యుడిలో ఏం జరుగుతుందంటే, హైడ్రోజన్ కేంద్రకాలు గట్టిగా ఢీకొని ఒకటైపోతాయి. ఆ కలయికలో బోలెడు శక్తి బయటపడుతుంది. సంలీనం అంటారు. బొగ్గు అక్కర్లేదు, పొగ రాదు, కావలసిన సరుకు నీళ్ళలోనే ఉంది. చిక్కల్లా ఆ కేంద్రకాలతోనే. ఎన్నికలప్పుడు చెరో పార్టీలో చేరిన అన్నదమ్ముల్లాగా ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. వాటిని కలపాలంటే కోట్ల డిగ్రీల వేడి కావాలి.

మా డబ్బా మీ ఇంట్లో బియ్యం డబ్బా అంత ఉంటుంది, స్టీలుది. లోపలి గాలంతా పంపుతో లాగేస్తాం. నడుమ సన్నని తీగతో అల్లిన నిమ్మకాయంత పంజరం. వేడికి బదులు వోల్టేజీతో కేంద్రకాలను ఢీకొట్టించడానికి దానికి ముప్పై వేల వోల్టులు ఇస్తాం. నువ్వు కుర్చీలోంచి లేచావని నాకు తెలుసు, కూర్చో. సీసపు రేకు అడ్డం ఉంది, మేం పక్క గదిలో కూర్చుని కెమెరాలో చూస్తాం. మా గైడు హేమలత మేడం లేకుండా ఎవరూ స్విచ్చు జోలికి పోకూడదు.

మామా, నిన్న సాయంత్రం మొదటిసారి వెలిగింది! వంకాయ రంగు వెలుగు, పంజరం నడుమ తెల్లటి చుక్క. నేను అరిచాను. మేడం నాకంటే గట్టిగా అరిచారు. మా వాచ్‌మన్ పాము వచ్చిందనుకుని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, వెలుగు చూసి ఆయనా అరిచాడు.

ఒకటే బాధ. డబ్బాలోకి ఎక్కడినుంచో గాలి దూరుతోంది. మూడు వారాలుగా వెతుకుతున్నాం, దొరకడం లేదు. అది ఆగితే తర్వాతి మెట్టు ఎక్కవచ్చు. కరెంటు ఎప్పుడని అడిగావు కదా, దగ్గర్లోనే ఉన్నాం మామా!

జాస్మిన్.

*

ప్రొద్దుటూరు,
అక్టోబరు 7.

పాపా జాస్మిన్‌కు,

ఈ ఉత్తరం అస్లాం కొట్లో కూర్చుని రాస్తున్నాను. అస్లాం ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాడు. మా ఆఫీసు ఏసీకి ఆయనే వైద్యుడు, నాకు పాతికేళ్ళ స్నేహితుడు. నీ ఉత్తరంలో గాలి సంగతి చదివి వినిపించాను. టీ గ్లాసు కింద పెట్టకుండానే తేల్చేశాడు. "గ్యాసు బయటికి పోయినా, గాలి లోపలికొచ్చినా తూటు ఒకటే కదప్పా! నా పొద్దుగూకులూ పని అదే. పాపను డబ్బా కదిలియ్యొద్దని చెప్పు, నేనే వస్తా" అన్నాడు. సూర్యుడి దాకా వచ్చి ఫ్రిజ్ మెకానిక్ దగ్గర ఆగామా అని నువ్వు చిన్నబుచ్చుకోకు. ఈయన చెయ్యి పడితే ఫ్రిజ్ మళ్ళీ కొట్టుకు రాదు, అందుకే కొట్టు ఇంత చిన్నగా ఉంది.

జమ్మలమడుగులో నేనిప్పుడు పెద్దమనిషినైపోయాను. హోటల్లో టీ అడక్కుండానే వస్తోంది. 'దగ్గర్లోనే ఉన్నాం' అని నువ్వు రాసిన ముక్కను పదిమందికి చూపించాను.

చర్చిలో కూడా ఒక చిన్న మాట అన్నాను. చిన్నదే. దాని సంగతి తర్వాత రాస్తాను.

నీ మామ.

*

పులివెందుల,
నవంబరు 11.

మామా,

ముందు మంచి వార్త. అస్లాం చాచా నిన్న వచ్చారు. మా మీటర్ల వైపు చూడనే లేదు. డబ్బాలోకి గాలి కొట్టించి, సబ్బు నురుగు పూసి, చెవి ఆనించి ఓపిగ్గా కూర్చున్నారు. గంటలో రెండు తూట్లు పట్టేశారు. ఒకటి మేం అతికించిన చోటే ఉంది! వెండి అతుకు వేసి, "ఇంక దీంట్లోకి దోమ ఊపిరి కూడా పోదు" అన్నారు. పోలేదు. హేమలత మేడం ఆయనకు శాలువా కప్పుతానంటే, ఎండ కాస్తాంటే శాలువా ఏందమ్మా అని టీ తాగి వెళ్ళిపోయారు.

ఇక రెండో వార్త. అత్త ఆయనతో నిప్పట్లు పంపింది. పొట్లం కట్టిన కాగితం కోత పండుగ కరపత్రం. అందులో ఇలా ఉంది: 'నవంబరు 24 ఆదివారం సాయంత్రం. ప్రత్యేకం: సహోదరుడు ఇమ్మానుయేలు గారి ప్రథమ ఫలం. వారి మేనకోడలు కుమారి జాస్మిన్ సృష్టించిన సూర్యుడి కరెంటుతో చర్చిలో బల్బు వెలుగును. స్నేహితులతో కూడ రండి.'

మామా! ఇదా చిన్న మాట?

ఐదుసార్లు చదివాను. నిప్పట్లన్నీ తినేసి మళ్ళీ చదివాను. తప్పు నాది కూడా, అందుకే ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను. మా డబ్బా కరెంటు ఇవ్వదు. తింటుంది. మిక్సీ తిరగడానికి పట్టేంత కరెంటు దాని లోపలికి పోతుంది. అన్నీ సవ్యంగా జరిగి సంలీనం అయినా, బయటికి వచ్చేది అందులో వంద కోట్లవ వంతు కూడా ఉండదు. మేం చూడాలనుకుంటున్నది ఒక్కటే, నిజంగా కలిశాయా లేదా అని.

పెద్ద పెద్ద దేశాలు కలిసి కడుతున్న యంత్రాలకూ ఇదే గోస. పది, పదిహేను కోట్ల డిగ్రీల వేడి వాయువును అయస్కాంతాలతో గాలిలో నిలబెట్టాలి. గోడకు తగిలిందా, చల్లారిపోతుంది. తగలకపోయినా, అందులోంచి దూసుకొచ్చే న్యూట్రాన్లు గోడలను గుల్ల చేస్తాయి. రెండేళ్ళ కిందట ఒకచోట లేజర్ వెలుగుగా లోపలికి పంపినదానికంటే ఎక్కువ శక్తి వచ్చిందని లోకమంతా పండగ చేసుకుంది. ఆ లేజర్లు తాగిన కరెంటుతో పోలిస్తే వచ్చింది వందో వంతే. డెబ్బై ఏళ్ళుగా ఈ పని చేసే ప్రతివాళ్ళూ 'దగ్గర్లోనే ఉన్నాం' అంటున్నారు. ఆ రోజు సంతోషం పట్టలేక నేనూ ఆ మాటే రాసేశాను.

ఆ కరపత్రం మాట వెనక్కి తీసుకో మామా.

జాస్మిన్.

*

జమ్మలమడుగు,
నవంబరు 18.

పాపా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు హోటలుకు పోలేదు.

నేను ఆ మాట ఎందుకన్నానో నీకు చెప్పాలి. కోత పండుగకు అందరూ తమ పంటలో మొదటిది తెచ్చి బల్ల మీద పెడతారు. ఒకరు జొన్న కంకులు, ఒకరు చీనీ బత్తాయికాయలు, ఒకరు కోడి. తర్వాత వేలం పాట. నాకు సెంటు పొలం లేదు. ఇరవై తొమ్మిదేళ్ళు స్తంభాలెక్కాను, స్తంభాలకు ఏం కాస్తుంది? ఏటేటా సంతలో గుమ్మడికాయ కొని, ఇంట్లో కాసినట్టు మొహం పెట్టుకుని తీసుకుపోతాను. సెప్టెంబరులో మన పాస్టరు జాన్సన్ అయ్యగారు ఎవరెవరు ఏమేం తెస్తారో రాసుకుంటున్నారు. ముద్దనూరు దగ్గర చీనీతోటలున్న ఆదినారాయణ నీకు తెలుసుగా, గుడికి పోయే మనిషే అయినా మన వేలం పాటంటే ఏటా తప్పకుండా వస్తాడు. ఆయన మెట్ల మీద నిలబడి, "ఇమ్మానియేలప్పా, నీ గుమ్మడికాయ ఈ తూరి ఏ అంగట్లో కాసింది?" అన్నాడు. అందరూ నవ్వారు. అయ్యగారు కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు లేచి, ఈసారి సూర్యుడి బల్బు తెస్తానని అనేశాను. మా ఇంట్లో చదివి పైకొచ్చింది నువ్వొక్కదానివే కదా పాపా, నా పంట నువ్వే కదా!

ఇప్పుడు కరపత్రాలు ఎర్రగుంట్ల దాకా పోయాయి. కాబట్టి ఒక ఉపాయం ఆలోచించాను. బల్ల కింద పన్నెండు వోల్టుల బ్యాటరీ. పైన మీ అత్త అల్లిన బల్లగుడ్డ, నేలదాకా జారుతుంది. వైరు బల్ల కాలి లోపలినుంచి లాగుతాను, దేవదూత వెతికినా కనబడదు. నువ్వు ఒక ఖాళీ స్టీలు డబ్బా పంపు చాలు. పంపకపోతే మా బియ్యం డబ్బా పెడతాను.

ఒక్క నిమిషం వెలిగిస్తాను, ఆర్పేస్తాను. ఎవరికి నష్టం?

నీ మామ.

*

పులివెందుల,
నవంబరు 22.

మామా,

వద్దు.

ఈ సంగతి ఫోనులో చెప్పాలంటే ఫోను ఎత్తేది అత్త. ఆమె నీ ఎడమ చెవిలో అరిచి చెప్పాలి. వీధంతా వింటుంది, ముందు ఆమే నిన్ను గుమ్మం దాటిస్తుంది. అందుకే స్పీడ్‌పోస్టు. ఆదివారం లోపల అందాలని ప్రార్థన చేసుకుంటున్నాను.

నీ గుమ్మడికాయల కథ చదివి ఏడ్చాను, అబద్ధం చెప్పను. బియ్యం డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఏడుస్తూనే నవ్వాను. కానీ నష్టం ఎవరికి అని అడిగావే, నాకే. ఒకప్పుడు ఇద్దరు శాస్త్రవేత్తలు తొందరపడి, బల్ల మీద గాజు పాత్రలో సంలీనం చేశామని విలేకరులను పిలిచి చెప్పారు. మళ్ళీ చేసి చూస్తే ఎవరికీ రాలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, మేం ఏం చెప్పినా ముందు అనుమానంగా చూస్తారు. ఆ బల్బు నా పేరు మీద వెలిగితే, రేపు నేను నిజంగా చూసినదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

నేను రాలేను కూడా. మా డబ్బాలో కలవగలిగేది భార జలంలోంచి తీసిన హైడ్రోజనే, దాన్ని వాడడానికి అనుమతి వచ్చింది. కాలేజీ ఖాళీగా ఉండాలని మేడం ఆదివారమే పెట్టారు. నువ్వు బల్ల దగ్గర నిలబడే వేళకే నేను మీటరు ముందు కూర్చుని ఉంటాను.

గుమ్మడికాయే తీసుకుపో మామా. నవ్వితే నవ్వనీ.

జాస్మిన్.

*

జమ్మలమడుగు,
నవంబరు 25, సోమవారం.

పాపా జాస్మిన్‌కు,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కోప్పడాలనుకుంటే చివరిదాకా చదివి కోప్పడు.

మధ్యాహ్నమే పోయి బ్యాటరీ పెట్టేశాను. బియ్యం మూటకెత్తి, డబ్బా తోమి తీసుకుపోయాను. దేనికని మీ అత్త అడిగితే సైన్సు అన్నాను. సాయంత్రానికి వాన. అయినా చర్చి నిండిపోయింది, కిటికీల దగ్గర గొడుగులు. సరిగ్గా ఆరున్నరకు, అయ్యగారు నా పేరు పిలిచే వేళకు, ఊరంతా కరెంటు పోయింది. పాపా, నా సర్వీసులో కరెంటు ఇంత సమయానికి ఎప్పుడూ పోలేదు! అందరూ 'ఓ' అన్నారు. చీకట్లో నా ఒక్క బల్బు వెలిగితే ఎట్లుంటుందో ఊహించుకో. నేనూ ఊహించుకున్నాను. బల్లగుడ్డ కిందకి చెయ్యి పెట్టాను, స్విచ్చు దొరికింది.

అంతలో ముందు వరసలో ఆదినారాయణ సెల్‌ఫోను లైటు వేసి పక్కనాయనతో అన్నాడు. నా ఎడమ చెవి వైపే ఉన్నాడు, అంతా వినబడింది. "తోటకు సోలారు మోటారు పెట్టుకుందామని కాగితాలు రాపిచ్చినా. రేపు సంతకం. ఇమ్మానియేలప్ప బల్బు వెలిగిందంటే సంతకం ఆపేస్తా. ఈ పాప కరెంటు వచ్చేదాకా చూస్తా. రెండేండ్లు ఓర్సుకుంటే పోయేదేముండాది?"

రెండేళ్ళా? ఆయన తోట ఒక్క ఎండాకాలం కూడా ఓర్చుకోదు. పోయిన ఏడు మోటారు కాలి నలభై చెట్లు ఎండిపోతే ఆ మనిషి చెట్ల మధ్య కూర్చుని ఏడవడం నేను చూశాను.

చెవిటివాడి గొంతు నీకు తెలుసు కదా. చెవిలో చెబుదామనుకున్నది చర్చి చూరు ఎగిరేట్టు వచ్చింది. "ఆగొద్దప్పా! సంతకం పెట్టు! ఇది బ్యాటరీ!"

నేనే బల్లగుడ్డ ఎత్తి బ్యాటరీ చూపించాను. డబ్బా మూత తీసి ఖాళీ చూపించాను. మీ అత్త, "అది నా బియ్యం డబ్బా!" అంది. నీ ఉత్తరంలో నువ్వు రాసినవన్నీ చెప్పాను, మిక్సీ అంత తింటుందని, వంద కోట్లవ వంతు కూడా ఇవ్వదని, డెబ్బై ఏళ్ళుగా లోకమంతా తంటాలు పడుతోందని. నా మేనకోడలు అబద్ధం చెప్పలేదు, చెప్పింది నేను అన్నాను.

మొదట నవ్వింది అయ్యగారే. "బ్యాటరీ అయితే ఏందప్పా, ముందు వెలిగియ్యి. ఏ కోడి ఎవరిదో తెలీక వేలం ఆగిపోయింది" అన్నారు. నా బల్బు వెలుగులోనే పాటంతా జరిగింది. కానీ నా పేరు మీద బల్ల మీద ఏమీ లేదు, గుమ్మడికాయ కూడా లేదు. ఇంటికొచ్చి సిగ్గుతో ముసుగు తన్ని పడుకున్నాను.

ఇంతవరకు రాశాక పోస్ట్‌మన్ నీ 'వద్దు' ఇచ్చి పోయాడు. చదివి మీ అత్తకు కూడా వినిపించాను. ఆమె డబ్బా కడుగుతోంది, నాతో ఇంకా మాట్లాడలేదు.

నీ పరువు తీసినందుకు క్షమించు పాపా.

మామ.

*

పులివెందుల,
నవంబరు 27.

మామా, మామా, మామా!

ముప్పై ఐదు!

ఆగు, సరిగ్గా రాస్తాను. కేంద్రకాలు కలిస్తే న్యూట్రాన్లు బయటికి వస్తాయి. వాటిని లెక్కపెట్టే గొట్టం చుట్టూ, వాటి వేగం తగ్గేందుకు మైనం దిమ్మలు పేర్చి పెట్టాం. యంత్రం ఆపి ఉన్నప్పుడు పది నిమిషాలకు నాలుగు పడ్డాయి, అవి ఆకాశం నుంచి ఊరికే వచ్చేవి. మామూలు హైడ్రోజన్‌తో నడిపితే నాలుగే. ఆదివారం సాయంత్రం భార హైడ్రోజన్ వదిలాం. ముప్పై ఐదు! మేడం నమ్మలేదు. మళ్ళీ చేయించారు, ముప్పై మూడు. మళ్ళీ, ముప్పై ఎనిమిది. మామూలు గ్యాసుకు మార్చి చూస్తే మళ్ళీ నాలుగే. అప్పుడు మేడం కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "జాస్మిన్, కలిశాయి" అన్నారు. ఇద్దరం వరండాలో వానలో గంతులేశాం.

దీనితో బల్బు కాదు కదా, చీమ మీసం కూడా వెచ్చబడదు. నలభై ఏళ్ళకు వెలుగుతుందో, అసలు వెలగనే వెలగదో నాకు తెలియదు. అయినా సూర్యుడిలో జరిగే పని మన పులివెందులలో, అస్లాం చాచా అతుకు వేసిన డబ్బాలో జరిగింది. నిజంగా జరిగింది.

నీ ఉత్తరం ఈ రోజే వచ్చింది. నా 'వద్దు' అందకముందే నువ్వు స్విచ్చు మీదనుంచి చెయ్యి తీశావు. నా పరువు తీశానని రాశావు. నాకు మాత్రం నిన్ను చూసి గర్వంతో ఏడుపొచ్చింది. మూడుసార్లు చదివి మేడంకు కూడా చదివి వినిపించాను. ఆమె నిన్ను కలవాలంటున్నారు.

ఆదివారం వస్తున్నాను. లెక్కల కాగితం తెస్తున్నాను. పండుగ అయిపోయిందని అయ్యగారు వద్దన్నా సరే, నీ పేరు మీద బల్ల మీద పెడతాను.

జాస్మిన్.

*

జమ్మలమడుగు,
డిసెంబరు 3.

పాపా జాస్మిన్‌కు, మామ దీవించి రాసేది.

ఆదివారం నువ్వు రెండు గంటల బస్సుకు పరుగెత్తావు కాబట్టి ఆ తర్వాతి సంగతి నీకు తెలియదు.

నువ్వు మాట్లాడినప్పుడు అర్థమైనవాళ్ళు నలుగురే, కానీ 'ఇచ్చేదానికంటే తినేది వంద కోట్ల రెట్లు' అన్నప్పుడు, మా అల్లుడూ అంతే అని ముందు వరసలో పెంచలమ్మ అన్నది నా చెవికి కూడా వినబడింది. కాగితం నా పేరు మీద బల్ల మీద పెట్టావు. నువ్వు వెళ్ళాక, బల్ల మీద పెట్టింది మళ్ళీ ఇంటికి పోకూడదు, అది ఆచారం, వేలం పాడాల్సిందే అన్నారు అయ్యగారు. మిగిలిపోయిన పాట కాబట్టి రూపాయలు వద్దు, ఇంట్లో ఉన్నది పాడండి అన్నారు.

నేను వెంటనే లేచి మా పుంజును పాడాను. వెనకనుంచి ఆదినారాయణ, "బస్తా చీనీకాయలు!" అన్నాడు. వేలం రోజు కాకపోయినా వచ్చాడు చూడు, సోలారు వాళ్ళు వచ్చి తోట కొలుచుకుపోయారని నాకు చెప్పడానికి వచ్చాడట. నేను రెండు కోళ్ళన్నాను. ఆయన రెండు బస్తాలన్నాడు. నేను కోళ్ళు, గూడు కలిపి పాడబోతుంటే మీ అత్త చొక్కా పట్టి కూర్చోబెట్టింది. వారం తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట, "కూకో!" మూడు బస్తాలకు ఆదినారాయణ పాడుకున్నాడు.

ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, జేబు రుమాల్లో చుట్టి, లోపలి జేబులో పెట్టుకున్నాడు. నాకు మనసొప్పలేదు. బయట మెట్ల మీద పట్టుకుని అడిగాను. "ఏం చేసుకుంటావప్పా దాన్ని? దాంతో బీడీ కూడా ముట్టదు. పాపే చెప్పింది కదా."

ఆయన నా ఎడమ చెవి దగ్గరికి వంగి, గట్టిగా, నిదానంగా చెప్పాడు.

"ఇది తినేదానికి కాదప్పా. విత్తనానికి."

నీ మామ,
ఇమ్మానుయేలు.